మీతో ఒప్పుకోని ఆ ఒక్కరి కోసం రాయండి

డిగ్రీ మొదటి ఏడాదిలో నేను రాసిన మొదటి ఆర్గ్యుమెంట్ ఎస్సే నాలుగు పేజీలు వచ్చింది. కాలేజీలో హాజరు తప్పనిసరి చేయాలా వద్దా అన్నది టాపిక్. రెండు రాత్రులు కూర్చుని రాశాను. దిద్దిన కాగితాలు చేతికొచ్చాక చూస్తే తప్పుల కింద గీతలేమీ లేవు. మొదటి పేజీ మార్జిన్‌లో మాత్రం ఎర్ర సిరాతో ఒక ప్రశ్న ఉంది. "ఇది కాదని ఎవరంటారు?"

ఆ ప్రశ్న పక్కన నేను రాసిన వాక్యాలు ఇవి: "విద్యార్థి జీవితంలో క్రమశిక్షణ ఎంతో ముఖ్యం. తప్పనిసరి హాజరు వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." దాన్ని కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కాదనేవాళ్ళు లేనిచోట వాదించడానికీ ఏమీ ఉండదు. నాలుగు పేజీలు నింపి నేను ఎవరితోనూ మాట్లాడలేదని ఆ రోజు అర్థమైంది.

తర్వాత నేనూ ఈ పాఠం చెప్పే పనిలోకే వచ్చాను. 18 ఏళ్ళుగా విద్యార్థుల డ్రాఫ్టులు ముందేసుకుని కూర్చుంటున్నాను. భాష బాగోక మార్కులు పోయిన ఎస్సేలు తక్కువే. ఎదుటి మనిషిని మర్చిపోయి రాసినవే ఎక్కువ. అందుకని రాయడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయమంటాను. మీ అభిప్రాయానికి సరిగ్గా ఎదురు అభిప్రాయం ఉన్న ఒక్క మనిషిని మనసులో పెట్టుకోండి. తెలివైనవాళ్ళు, మంచివాళ్ళు, మీరు చెప్పేది వినే ఓపిక ఉన్నవాళ్ళు అయి ఉండాలి. మీ పిన్నో, పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడో, మీకు నిజంగా తెలిసినవాళ్ళయితే ఇంకా మంచిది. ఎస్సే మొత్తం ఆ ఒక్కరికి రాయండి. ఇక్కడ నేను చెప్పేదంతా ఆ మనిషి మీకు ఎదురుగా కూర్చుని ఉన్నారనుకునే చెప్తున్నాను.

వాదం వేరు, వితండం వేరు

వితండవాదం అనే మాట మనం రోజూ వాడతాం. అది తర్కం గురించి చెప్పే మన పాత శాస్త్రం, న్యాయ దర్శనం నుంచి వచ్చింది. గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవాలని చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం పెట్టుకోకుండా ఎదుటివాళ్ళది పడగొట్టడమే పనిగా చేసేది వితండ. కాలేజీ ఎస్సేలో అడుగుతున్నది మొదటిది. డిబేట్ పోటీల్లో గెలిచి వచ్చిన పిల్లలు ఇక్కడ తడబడటం చాలాసార్లు చూశాను. స్టేజీ మీద చప్పట్లు తెచ్చిన మాట కాగితం మీద రెండోసారి చదివితే నిలవకపోవచ్చు. చదివేవాళ్ళకు పేజీ వెనక్కి తిప్పే వీలుంది కదా.

ఒక్క వాక్యానికి రెండు రోజులు

మీరు నిలబెట్టదలచిన మాటను ఒక్క వాక్యంలో చెప్పడాన్నే థీసిస్ అంటారు. ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. ఒక విద్యార్థిని సరిగ్గా నా పాత టాపిక్కే ఎంచుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె తన వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసింది. ఆ నాలుగూ చూపిస్తాను.

మొదట ఇలా రాసింది: "హాజరు విషయంలో కాలేజీలు ఆలోచించాలి." ఎదురుగా ఉన్న మనిషి "అలాగే, ఆలోచిద్దాం" అని లేచి వెళ్ళిపోతారు.

రెండోది: "హాజరు తప్పనిసరి చేయకూడదు." ఇప్పుడు ఎదుటి మనిషి కాదనగలరు, కాబట్టి వాదన మొదలైంది. కానీ ఎందుకు అన్న మాట వాక్యంలో లేదు. కారణం లేని థీసిస్‌తో మొదలుపెడితే ప్యారాలన్నీ తలో దిక్కుకు పోతాయి.

మూడోది: "తప్పనిసరి హాజరు విద్యార్థిని బెంచీ మీద కూర్చోబెడుతుందే తప్ప చదివించదు కాబట్టి దాన్ని పూర్తిగా ఎత్తెయ్యాలి." కారణం వచ్చింది. వినడానికీ బాగుంది. చిక్కేమిటంటే ఇందులో ల్యాబులు కూడా వచ్చేశాయి. ప్రయోగం చేయడానికి రాకుండా ప్రయోగం నేర్చుకోవడం ఎలా? ఎదుటివాళ్ళు ఒక్క ఉదాహరణతో వాక్యాన్ని కూల్చేస్తారు.

నాలుగోది: "ల్యాబులు లేని థియరీ క్లాసుల్లో రెండో ఏడాది నుంచి హాజరుకు మార్కులు ముడిపెట్టడం మానెయ్యాలి, ఎందుకంటే ఆ నిబంధన వల్ల చదువులో కలిగే మేలు చిన్నది, దాని భారం మాత్రం ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళ మీద ఎక్కువగా పడుతుంది."

ఇది మూడోదానికంటే మెత్తగా వినిపిస్తుంది, కానీ బలమైనది ఇదే. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎందుకు అన్నవి మూడూ ఉన్నాయి. రాయాల్సిన ప్యారాలు కూడా అందులోనే ఉన్నాయి. మేలు చిన్నదని చూపాలి, భారం ఎవరి మీద పడుతుందో చూపాలి, రెండూ తూచి చూపాలి. "రెండో ఏడాది నుంచి" అన్న ముక్క మొదట ఆమె మనసులో లేదు. అది ఎలా వచ్చిందో కాసేపట్లో చెప్తాను.

మీ థీసిస్‌ను పరీక్షించడానికి నా దగ్గరున్న పద్ధతి ఆ ఎర్ర సిరా ప్రశ్నే. ఇది కాదని ఎవరంటారు? ఒక నిజమైన మనిషి, ఆలోచించి, కాదనగలగాలి. ఎవరూ కాదనకపోతే అది అందరికీ తెలిసిన విషయం. మూర్ఖులు మాత్రమే కాదంటారనిపిస్తే మీరు అవతలి పక్షాన్ని ఇంకా సరిగ్గా వినలేదని అర్థం.

ఆధారం దేన్ని మోస్తుంది?

టాపిక్ రాగానే అందరూ నెట్‌లో వెతుకుతారు. అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మన మాటకు సరిపోయే వాక్యం కనిపించగానే కాపీ చేసుకుని ఆగిపోతాం.

హాజరు మీద 2010లో రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అనే పత్రికలో మార్కస్ క్రెడే, మరో ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద సమీక్ష ప్రచురించారు. అంతకుముందు వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్క చూశారు. క్లాసుకు వచ్చే అలవాటుకూ కాలేజీ మార్కులకూ గట్టి సంబంధం ఉందని తేలింది. ప్రవేశ పరీక్షల స్కోర్లకంటే, స్కూలు మార్కులకంటే కూడా హాజరే కాలేజీ మార్కులను బాగా సూచిస్తోందని రాశారు. చాలామంది ఇక్కడే ఆపేసి "అందుకే హాజరు తప్పనిసరి చేయాలి" అని రాసేస్తారు. అదే సమీక్ష ఇంకో మాట కూడా చెప్పింది. హాజరును తప్పనిసరి చేసే నిబంధన వల్ల సగటు మార్కుల మీద కనిపించిన ప్రభావం మంచిదే, కానీ చిన్నది.

ఒకే కాగితంలో రెండు పక్షాలకూ సరుకుంది. సగం చదివి రాసినవాళ్ళకు మిగతా సగాన్ని ఎదుటి మనిషి చదివి వినిపిస్తారు. కాబట్టి మీరు వాడే ప్రతి సోర్సునూ చివరిదాకా చదవండి. అంత టైమ్ లేకపోతే ఐదు సోర్సులు పెట్టుకోకుండా రెండే పెట్టుకోండి.

క్లాసుకు వచ్చేవాళ్ళకు మార్కులు ఎక్కువ వస్తాయి, సరే. రమ్మని బలవంతం చేస్తే వస్తాయా? ఇష్టంగా చదివేవాళ్ళు ఎలాగూ క్లాసుకు వస్తారు, వాళ్ళకు మార్కులూ వస్తాయి. ఆ రెండింటికీ మూలం వాళ్ళ ఇష్టం కావచ్చు. న్యాయ దర్శనంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందనవచ్చు, ఎందుకంటే పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. దాన్ని తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందంటే కుదరదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. మీ ఎస్సేలో "కాబట్టి" అని రాసిన ప్రతిచోటా ఆగి, ఇనప గుండు లాంటిది ఏదైనా గుర్తొస్తుందేమో వెతకండి. మీకు తట్టకపోతే ఎదుటి మనిషికి తడుతుంది.

పొగకూ నిప్పుకూ మధ్య ఉన్న ఆ నడిమి వాక్యమే, అంటే పొగ ఉన్నచోట నిప్పుంటుంది అన్నదే, విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది. న్యాయంలో దాన్ని వ్యాప్తి అంటారు. 1958లో బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ వాదన నిర్మాణాన్ని విడదీసి చూపినప్పుడు ఇలాంటి ముడికే వారంట్ అని పేరు పెట్టాడు. మాట, ఆధారం, ఆ ఆధారం ఈ మాటకు ఎలా ఆధారమవుతుందో చెప్పే ముడి. ఈ మూడోది లేని ప్యారాలో లెక్కలు, కొటేషన్లు కుప్పగా పడి ఉంటాయి, పాఠకులే ముడేసుకోవాలి.

ఇంకో టాపిక్ నుంచి ఒక ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే ఈ పొరపాటు అక్కడ తేలిగ్గా కనిపిస్తుంది. ఓటు వయసు 16కు తగ్గించాలని ఒక అబ్బాయి రాశాడు. ఆస్ట్రియా 2007లో తగ్గించిందని, 2008 పార్లమెంటు ఎన్నికల్లో ఆ వయసువాళ్ళు ఓటేశారని ఆధారం చూపించాడు. రెండూ నిజాలే. వాటితో ఏం తేలింది? ఒక దేశం ఆ పని చేసిందని తేలింది. అది మంచి పని అని తేలలేదు. "ఇది ఎక్కడా ఆచరణలో లేదు, సాధ్యం కాదు" అనేవాళ్ళకు ఆ ఆధారం సరిగ్గా సరిపోయే జవాబు. "ఆ వయసులో వివేకం ఉండదు" అనేవాళ్ళకు అది జవాబే కాదు. అతనికి చెప్పింది ఇంతే, ప్యారాను అక్కడి నుంచి తీసి మొదటి అభ్యంతరం కిందికి జరపమని. ఒక్క వాక్యం మార్చకుండానే ఆ ప్యారాకు బలం వచ్చింది.

పూర్వపక్షం

పూర్వపక్షం అంటే ఎదుటివాళ్ళ వాదనను వినిపించే ప్యారా. ఎస్సేలో నేను ముందుగా చదివేది ఇదే. దీన్ని చూస్తే మిగతాది ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

మన పాత భాష్యకారులు తమ మాట చెప్పే ముందు ఎదుటి పక్షాన్ని వివరంగా వినిపించేవాళ్ళు. శంకరుడి బ్రహ్మసూత్ర భాష్యం అలాగే నడుస్తుంది, ముందు పూర్వపక్షం, తర్వాత సిద్ధాంతం. డార్విన్ 1859లో వెలువరించిన జాతుల పుట్టుక గ్రంథంలో ఆరో అధ్యాయం తన సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కుల గురించే. కన్నులాంటి అవయవం సహజ ఎంపిక వల్ల ఏర్పడిందనడం అసంబద్ధంగా అనిపిస్తుందని ఆయనే ఒప్పుకుని, ఆ తర్వాత జవాబు మొదలుపెట్టాడు. తన అభిప్రాయానికి విరుద్ధమైన విషయం కనిపిస్తే వెంటనే రాసిపెట్టుకునేవాణ్ణని, అలాంటివే తొందరగా మరుపున పడతాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఈ అలవాటు మీరూ చేసుకోండి. నోట్సులో ఒక పేజీ విడిగా పెట్టి, మీకు నచ్చని వాస్తవాలన్నీ అందులో రాయండి. పూర్వపక్షం ఆ పేజీ నుంచే పుడుతుంది.

ఇందాకటి అమ్మాయి మొదట రాసిన పూర్వపక్షం ఇది: "హాజరు తప్పనిసరి అనేవాళ్ళకు విద్యార్థుల మీద నమ్మకం లేదు. వాళ్ళకు అధికారం చూపించడమే ముఖ్యం." ఇది ఎవరి మాట అని అడిగాను. హాజరు ఉండాలనే స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఆమెకు చదివి వినిపించి, "నువ్వు అనేది ఇదేనా?" అని అడగమన్నాను. రెండు రోజుల తర్వాత ఇలా రాసుకొచ్చింది:

"హాజరు ఉండాలనేవాళ్ళు చెప్పేది ఇది. కొత్తగా కాలేజీకి వచ్చిన విద్యార్థి రెండు క్లాసులు మానేస్తే మూడోది అర్థం కాదు. అర్థం కాలేదని నాలుగోదీ మానేస్తాడు. అలా జారుతున్న సంగతి పరీక్షల ముందు గానీ తనకే తెలియదు. నిబంధన ఉంటే ఆ జారుడు మొదట్లోనే ఆగుతుంది. పైగా క్లాసు ఒక్కరిది కాదు. పదిమంది వస్తేనే ప్రశ్నలు పుడతాయి, రానివాళ్ళ వల్ల వచ్చినవాళ్ళూ నష్టపోతారు."

ఇది చదివి నేను కాసేపు ఆగాల్సి వచ్చింది. ఆమె కూడా ఆగింది. మొదటి ఏడాది పిల్లల గురించి చెప్పింది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు అంది. అప్పుడే థీసిస్‌లోకి "రెండో ఏడాది నుంచి" అన్న ముక్క వచ్చింది.

పూర్వపక్షానికి జవాబు చెప్పే దారులు మూడు. అది వాస్తవం కాదని చూపవచ్చు. వాస్తవమే గానీ ఈ సందర్భానికి వర్తించదని చూపవచ్చు. వాస్తవమే, వర్తిస్తుంది కూడా, అందుకే నా మాటను ఇంతవరకు తగ్గించుకుంటున్నాను అని రాయవచ్చు. విద్యార్థులు మూడోదాన్ని ఓటమి అనుకుని భయపడతారు. దిద్దేవాళ్ళకు నమ్మకం కుదిరేది దానితోనే. ఒకచోట తగ్గిన మనిషి మిగతాచోట తగ్గకపోతే, అక్కడ కారణం ఉండే ఉంటుందనిపిస్తుంది.

ఎదుటివాళ్ళ బలమైన మాటను వదిలేసి బలహీనమైనదాన్ని ఎంచుకుని కొట్టకండి. ఇది నేను బతిమాలి చెప్తాను. పాఠకులకు ఆ బలమైన మాట తెలిసే ఉంటుంది, ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. రాకపోతే మీకు తెలియదనుకుంటారు, లేదా దాచారనుకుంటారు.

మిగిలినవి

ప్యారాల వరుస గురించి పెద్దగా టెన్షన్ పడనక్కర్లేదు. ఎదుటి మనిషి మొదట ఏమడుగుతారో దానికి మొదట జవాబు చెప్పండి, ఆ జవాబు విన్నాక ఏమడుగుతారో అది రెండోది. "ఇంకొక ముఖ్యమైన విషయం ఏమిటంటే" అని ప్యారా మొదలవుతోందంటే ముందు ప్యారాకూ దీనికీ సంబంధం ఇంకా దొరకలేదన్నమాట.

ఉపోద్ఘాతం చివర రాయండి. "అనాది కాలం నుంచి మానవుడు" అని మొదలుపెట్టినవి నేను వందల్లో చదివాను. మీ టాపిక్ పుట్టిన చోటుకు నేరుగా వెళ్ళండి. ఆ అమ్మాయి తన ఎస్సేను రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే తొమ్మిదింటి క్లాసులో పేరు పిలిపించుకుని, తల వాల్చి నిద్రపోయే ఒక విద్యార్థితో మొదలుపెట్టింది. మూడు వాక్యాల్లో సమస్య కళ్ళముందుంది, నాలుగో వాక్యం థీసిస్.

"అందరికీ తెలిసిందే", "నిస్సందేహంగా", "ఎవరూ కాదనలేరు" అన్న మాటలు డ్రాఫ్టులో ఎక్కడున్నాయో వెతకండి. ఆధారం లేనిచోటే ఇవి వచ్చి కూర్చుంటాయి. ఒక్కోదాన్నీ కొట్టేసి ఆ జాగాలో కారణం రాయండి. కారణం దొరక్కపోతే వాక్యాన్ని తీసేయండి. "అన్ని", "ఎప్పుడూ" ఉన్నచోట "చాలా", "తరచుగా" సరిపోతాయేమో చూడండి.

ఎవరి మాట వాడుకున్నా వాళ్ళ పేరు చెప్పండి. మీ మాటల్లోకి మార్చుకున్నా సరే, ఆలోచన వాళ్ళదే కదా. ముగింపులో ముందు చెప్పినవన్నీ మళ్ళీ వల్లించకండి. మీ మాట ఒప్పుకుంటే రేపటి నుంచి ఏం మారాలో చెప్పి ఆపండి.

వారం రోజులు చేతిలో ఉంటే నేను ఇలా పంచుకోమంటాను. రెండు రోజులు చదవడానికి, నచ్చని వాస్తవాల పేజీ నింపడానికి. తర్వాత రెండు రోజులు థీసిస్, పూర్వపక్షం. డ్రాఫ్టుకు ఒక్క రోజు చాలు, ఎందుకంటే అప్పటికి ఏం రాయాలో తెలిసిపోయి ఉంటుంది. ఆరో రోజు దాన్ని ముట్టుకోవద్దు. ఏడో రోజు గొంతెత్తి చదవండి. నాలుక తడబడిన వాక్యాలు రెండుగా విడగొట్టండి. చదువుతుండగా మీకే ఎక్కడైనా "నిజంగానా?" అనిపిస్తే అక్కడ గుర్తు పెట్టుకుని, ఆ ఒక్కచోటే మళ్ళీ పనిచేయండి.

ఆ అమ్మాయి ఎస్సేను దిద్దింది నేను కాదు. వేరే అధ్యాపకులు దిద్దారు, ఆయన హాజరు విషయంలో చాలా పట్టుదల ఉన్న మనిషి. కాగితాలు వచ్చాక ఆమె నాకు చూపించింది. మూడో పేజీ మార్జిన్ నిండా పెన్సిల్‌తో రాసి ఉంది. "మొదటి ఏడాది సంగతి ఒప్పుకున్నావు, బాగుంది. కానీ రెండో ఏడాదిలో కొత్త సబ్జెక్టు మొదలైతే ఆ జారుడు మళ్ళీ మొదలవదా? దీనికేమంటావు?" ఆమె అక్కడే నిలబడి, ఆ ప్రశ్న కింద మిగిలిన కాస్త జాగాలో జవాబు రాయడం మొదలుపెట్టింది.